కొవ్వు కణజాలాన్ని దారిలో పెట్టుకోవడం ఎలా: నడుము టేపు నుంచి క్యాన్సర్ పరీక్షల దాకా

లావెక్కితే షుగర్ వస్తుందని అందరికీ తెలుసు. అదే కొవ్వు క్యాన్సర్‌కూ దారి తీస్తుందన్న మాట మాత్రం ఇంకా చాలామందికి చేరలేదు. ఒంట్లో అదనపు కొవ్వు లేకుండా చూసుకుంటే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందనడానికి తగినన్ని ఆధారాలున్నాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. ఈ రెండు జబ్బుల వేళ్లూ చాలావరకు ఒకే చోట కలుస్తాయి: ఇక పట్టనంతగా నిండిపోయిన కొవ్వు కణంలో. ఆ కణం సంగతి తెలిస్తే ఏం కొలవాలో, ఎంత తగ్గాలో, ఏ లక్షణాన్ని అశ్రద్ధ చేయకూడదో తెలుస్తుంది. అందుకే కింద చెప్పిన ఎనిమిది మెట్లు ఎక్కే ముందు ఆ సంగతి చూద్దాం.

కొవ్వు కణం లోపల ఏం జరుగుతుంది

కొవ్వు అంటే ఊరికే పేరుకున్న నూనె ముద్ద కాదు, హార్మోన్లు తయారుచేసే అవయవం. 1994లో కొవ్వు కణాలు విడిచే లెప్టిన్ అనే హార్మోన్ బయటపడ్డాక ఈ విషయంలో ఎవరికీ అనుమానం మిగల్లేదు. తిన్నదాంట్లో మిగిలినదాన్ని భద్రంగా దాచడం దీని మొదటి పని, ఆ పని మనకు మేలే చేస్తుంది. కొవ్వు కణజాలమే సరిగా ఏర్పడని లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు ఉంది. ఆ రోగులు చూడ్డానికి బక్కగా ఉంటారు, అయినా వారికి తీవ్రమైన మధుమేహం వస్తుంది, కాలేయం నిండా కొవ్వు చేరుతుంది. దాచుకునే చోటు లేక కొవ్వు వేరే అవయవాల్లోకి పొర్లిపోవడమే దీనికి కారణం. స్థూలకాయంలో జరిగేదీ ఇంచుమించు ఇదే. చోటు ఉంటుంది గానీ నిండిపోయి ఉంటుంది.

తొడలు, పిరుదుల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు చాలావరకు నెమ్మదస్తురాలు. పేగుల చుట్టూ పొట్ట లోపల చేరే కొవ్వు అలా కాదు. అది విడిచే కొవ్వు ఆమ్లాల్లో చాలా భాగం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది. కణం ఉబ్బే కొద్దీ దాని లోపలికి ఆక్సిజన్ సరిగా అందదు. కొన్ని కణాలు చచ్చిపోతాయి. వాటిని తినడానికి మ్యాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వచ్చి కిరీటంలా చుట్టూ మూగుతాయి. అవి విడిచే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6 వంటి రసాయనాల వల్ల ఒళ్లంతా సన్నసెగ మీద మరుగుతున్నట్టు ఒక వాపు స్థితి నిలిచిపోతుంది. కొవ్వు కణాలు విడిచే, మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది.

మామూలుగా కొవ్వు కరిగి రక్తంలోకి రాకుండా ఇన్సులిన్ ఆపి ఉంచుతుంది. ఉబ్బిన కణం ఆ మాట వినదు. కొవ్వు ఆమ్లాలు కాలేయంలో, కండరాల్లో చేరతాయి, అవీ ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. క్లోమం మరింత ఇన్సులిన్ పోస్తుంది. ఇలా ఏళ్ల తరబడి పోసి పోసి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు అలసిన రోజున రక్తంలో చక్కెర పెరుగుతుంది. అంటే షుగర్ బయటపడే నాటికి ఇన్సులిన్ ఎన్నో ఏళ్లుగా ఎక్కువగానే ఉంటూ వచ్చిందన్నమాట.

క్యాన్సర్‌కు దారి పడేది ఇక్కడే. ఇన్సులిన్ చక్కెర సంగతి మాత్రమే చూడదు, కణాలను పెరగమని కూడా చెబుతుంది. అది ఎక్కువైతే కాలేయం నుంచి వచ్చే ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్ ప్రభావమూ పెరుగుతుంది. విభజన ఎక్కువైన చోట డీఎన్‌ఏ పొరపాట్లకు అవకాశాలు పెరుగుతాయి. రెండో దారి ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్. కొవ్వు కణజాలంలోని ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఆండ్రోజన్లనే పురుష హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. నెలసరి ఆగిపోయిన స్త్రీలో అండాశయాలు ఆ పని మానేస్తాయి కాబట్టి ఈస్ట్రోజన్‌కు కొవ్వే ప్రధాన వనరు. పైగా ఇన్సులిన్ ఎక్కువైతే ఈస్ట్రోజన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ ప్రొటీన్ తగ్గి, స్వేచ్ఛగా తిరిగే ఈస్ట్రోజన్ ఇంకా పెరుగుతుంది. గర్భాశయ లోపొర క్యాన్సర్ ముప్పు తీవ్ర స్థూలకాయం ఉన్నవారిలో మామూలు బరువు వారికంటే సుమారు 7 రెట్లు ఉండటం వెనుక ఉన్నది చాలావరకు ఇదే. మూడోది పైన చెప్పిన వాపు. కాలేయంలో అది మచ్చలుగా, తర్వాత కాలేయం గట్టిపడిపోయే సిరోసిస్‌గా మారి క్యాన్సర్‌కు నేల సిద్ధం చేస్తుంది.

మొదటి మెట్టు: నడుము కొలవండి

ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ కండనీ కొవ్వునీ వేరుచేయలేదు, కొవ్వు ఎక్కడుందో చెప్పలేదు. సాగని టేపు తీసుకోండి. చొక్కా తీసి నిటారుగా నిలబడండి. పక్కటెముకల్లో చివరిదాని అడుగు అంచు ఒకటి, తుంటి ఎముక పై అంచు ఒకటి వేళ్లతో తడిమి గుర్తు పెట్టుకోండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక, మళ్లీ పీల్చే ముందు చదవండి. రెండుసార్లు కొలవండి. తేడా 1 సెంటీమీటరు లోపుంటే సగటు తీసుకోండి, మించితే మొదటి నుంచి కొలవండి.

ఎక్కువమంది తప్పు చేసేది ప్యాంటు బెల్టు కట్టే చోట కొలవడంలో. పొట్ట జారినవారికి బెల్టు కిందికి దిగుతుంది కాబట్టి అసలు కంటే తక్కువ వస్తుంది. పొట్ట లోపలికి లాగడం, వెనుక వైపు టేపు కిందికి జారడం తర్వాతివి. అద్దం ముందు కొలిస్తే టేపు నేలకు సమాంతరంగా ఉందో లేదో కనిపిస్తుంది.

వచ్చిన కొలతను ఎత్తుతో భాగించండి. 0.5 లోపు ఉండాలి. ఎత్తు 164 సెంటీమీటర్లయితే నడుము 82 దాటకూడదు. 0.5 నుంచి 0.6 లోపు ఉంటే ముప్పు పెరిగినట్టు, 0.6 నుంచి ఆపైన ఉంటే బాగా పెరిగినట్టు. ఎత్తుతో పోల్చకుండా నడుమునే చూస్తే దక్షిణాసియా మూలాల పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. ఐరోపా మూలాల పురుషులకు 94, స్త్రీలకు 80. బీఎంఐ 35 దాటినవారికి ఈ లెక్కలు కొత్తగా చెప్పేదేమీ ఉండదు, ముప్పు ఎలాగూ ఉంది.

రెండో మెట్టు: రక్తంలో ఏముందో చూడండి

కనీసం 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లి ఈ పరీక్షలు చేయించండి: పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ఏఎల్‌టీ, ఏఎస్‌టీ (కాలేయ ఎంజైమ్‌లు), ప్లేట్‌లెట్లు. గ్లూకోజ్ డెసిలీటరుకు 100–125 మిల్లీగ్రాములు లేదా హెచ్‌బీఏ1సీ 5.7–6.4 శాతం అయితే మధుమేహం గుమ్మంలో ఉన్నట్టు. 126 లేదా 6.5 నుంచి ఆపైన ఉంటే మధుమేహం. లక్షణాలేమీ లేకపోతే ఒక్క పరీక్షతో నిర్ధారించకూడదు, రెండో పరీక్షలోనూ రావాలి. ట్రైగ్లిజరైడ్లు 150 నుంచి ఆపైన, హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 లోపు, స్త్రీలలో 50 లోపు ఉంటే, గ్లూకోజ్ ఇంకా బాగానే కనిపిస్తున్నా కొవ్వు పొర్లడం మొదలైందనే అనుమానించాలి.

హెచ్‌బీఏ1సీతో ఒక చిక్కుంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. రక్తహీనత ఉందని తెలిస్తే గ్లూకోజ్‌నే నమ్మండి.

కాలేయం సంగతి ఇంట్లోనే లెక్కగట్టవచ్చు. వయసును ఏఎస్‌టీతో గుణించి, ఆ మొత్తాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో) × ఏఎల్‌టీ వర్గమూలంతో భాగించాలి. దీన్ని ఫిబ్-4 అంటారు. వయసు 52, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 240 వేలు అనుకుందాం. 52 × 40 = 2080. 240 × 8 = 1920. భాగిస్తే 1.08. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ (65 దాటినవారికి హద్దు 2.0). 2.67 దాటితే కాలేయ నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. మధ్యలో ఉంటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే స్కాన్ చేయించాలి. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క నమ్మదగింది కాదు. ఏఎల్‌టీ మామూలుగా ఉన్నంత మాత్రాన కాలేయంలో కొవ్వు లేదనుకోవద్దు, ఫ్యాటీ లివర్ ఉన్న చాలామందిలో అది హద్దులోనే ఉంటుంది.

మూడో మెట్టు: తిండి మార్చే ముందు మందుల జాబితా డాక్టరుకు చూపండి

ఈ మెట్టును దాటేసిన వాళ్లే ఆసుపత్రి పాలవుతారు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియాలు గానీ వాడుతూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మోతాదు ముందే తగ్గించాలి. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మందులు వాడేవారు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, చక్కెర పెద్దగా పెరగకుండానే, రక్తం ఆమ్లంగా మారే కీటోయాసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం దాని గుర్తులు. బరువు తగ్గే కొద్దీ రక్తపోటూ తగ్గుతుంది. లేవగానే కళ్లు తిరుగుతుంటే బీపీ మాత్ర మోతాదు మార్చాల్సి ఉండవచ్చు.

ఇన్సులిన్ ఎక్కువైతే క్యాన్సర్ అని చదివి ఇంజెక్షన్ మానేయాలనుకునేవారికి ఒక మాట. 12,500 మందికి పైగా పాల్గొన్న ఒరిజిన్ అధ్యయనంలో గ్లార్జిన్ ఇన్సులిన్ వాడినవారికి సుమారు ఆరేళ్లలో క్యాన్సర్లు పెరగలేదని 2012లో తేలింది. దయచేసి ఎవరూ ఇన్సులిన్‌ను సొంతంగా ఆపవద్దు.

నాలుగో మెట్టు: ఎంత తగ్గాలో అంకె రాసుకోండి

లక్ష్యం మీ జబ్బును బట్టి ఉండాలి. మధుమేహం గుమ్మంలో ఉన్నవారికి 7 శాతం చాలు. 2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. ఫ్యాటీ లివర్‌లో వాపు తగ్గాలంటే 7–10 శాతం, మచ్చలు తగ్గాలంటే 10 శాతానికి పైగా తగ్గాలి. టైప్-2 మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివారు, దాన్ని వెనక్కి పంపాలనుకుంటే 15 కిలోలు తగ్గడానికి ప్రయత్నించవచ్చు. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాది చివర మందుల్లేకుండానే చక్కెర మధుమేహ స్థాయికి దిగువన ఉంది. వాళ్లు మొదటి 3–5 నెలలు రోజుకు సుమారు 850 కిలో కేలరీల ద్రవాహారం తీసుకున్నారు. అంత తక్కువ తిండి వైద్య పర్యవేక్షణ లేకుండా వద్దు.

బయట కనిపించే కొవ్వును తీయిస్తే పని అవదా? దీన్ని పరీక్షించి చూశారు. పొట్ట చర్మం కింది నుంచి సుమారు 10 కిలోల కొవ్వును లైపోసక్షన్‌తో లాగేసినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు, వాపు గుర్తులు ఏవీ మెరుగుపడలేదని 2004లో తేలింది. తీసేసింది గోదాములోని కొవ్వును. కాలేయంలోకి పొర్లినది అక్కడే ఉంది. తిండి తగ్గిస్తే జరిగేది దీనికి తలకిందులు: ముందు కాలేయం ఖాళీ అవుతుంది. అందుకే కొద్ది కిలోలు తగ్గగానే పరగడుపు చక్కెర దిగి వస్తుంది.

ఐదో మెట్టు: తిండి

రోజూ ఖర్చయ్యేదానికంటే 500–750 కిలో కేలరీలు తక్కువ తినండి. మొదట్లో వారానికి సుమారు అర కిలో తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. తగ్గే బరువులో పావు వంతు దాకా కండ ఉండవచ్చు, చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది ఆ కండే. దాన్ని కాపాడుకోవడానికి కిలో బరువుకు 1.2 గ్రాముల చొప్పున ప్రొటీన్ తినండి. 80 కిలోల మనిషికి ఇది 96 గ్రాములు. మూడు పూటలకూ సమంగా పంచుకుంటే తినడం తేలిక. మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ అంకె మీకు వర్తించదు, డాక్టరు చెప్పినంతే తినాలి.

మొట్టమొదట మానాల్సింది తీపి పానీయాలు, పండ్లరసాలతో సహా. ద్రవంగా లోపలికి వెళ్లే చక్కెర ఆకలి తీర్చదు, అందులోని ఫ్రక్టోజ్‌లో చాలా భాగాన్ని కాలేయమే సర్దుకోవాలి, ఎక్కువైతే దాన్ని కొవ్వుగా మారుస్తుంది. రోజుకు 30 గ్రాముల దాకా పీచు తినండి. పీచు పెద్దపేగు క్యాన్సర్ ముప్పునూ తగ్గిస్తుంది. తక్కువ పిండిపదార్థాలా, తక్కువ కొవ్వా అన్న వాదనలో మా అభిప్రాయం సూటిగా: ఏడాది పాటు చేయగలిగింది ఎంచుకోండి. వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు పెరుగుతుంది.

మద్యం గ్రాముకు 7 కిలో కేలరీలు ఇస్తుంది, తానే క్యాన్సర్ కారకం, ఫ్యాటీ లివర్‌కు అది తోడైతే నష్టం ఇంకా పెరుగుతుంది. పొగ తాగేవారు సన్నగా ఉంటారంటారు గానీ వారిలో ఇన్సులిన్ నిరోధకత పెరుగుతుంది, కొవ్వు పొట్ట లోపలే చేరుతుంది.

ఆరో మెట్టు: కదలిక

కండరం ముడుచుకున్నప్పుడు గ్లూట్4 అనే వాహకాలు ఇన్సులిన్ చెప్పకపోయినా పైకి వచ్చి చక్కెరను లోపలికి లాగుతాయి. ఆ మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది, అందుకే వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం ఆపకూడదు. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగేటంత, పాట పాడలేనంత వేగంతో నడవండి. వారానికి రెండు మూడు రోజులు, వరస రోజులు కాకుండా, బరువులతో గానీ రబ్బరు పట్టీలతో గానీ ఒక్కో కదలికను 10–15 సార్ల చొప్పున రెండు మూడు విడతలు చేయండి.

పొట్ట వ్యాయామాలు పొట్ట కొవ్వును ఏరి కరిగించవు. కదలిక మొదలుపెట్టిన కొత్తలో తూకం కదలకపోయినా నడుము తగ్గవచ్చు, అందుకే నెలకోసారి టేపు పట్టండి. మధుమేహం వల్ల కంటి రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టినవారు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు, కంట్లో రక్తస్రావం కావచ్చు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు నడిచి వచ్చిన ప్రతిసారీ అరికాళ్లు చూసుకోవాలి.

ఏడో మెట్టు: తగ్గినది నిలబెట్టుకోండి

అసలు కష్టం ఇక్కడుంది, దీనికి మనోబలం లేకపోవడమే కారణమని ఎవరినీ నిందించకూడదు. బరువు తగ్గితే కొవ్వు కణాలు చిన్నవవుతాయి గానీ మాయమవవు. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను కొవ్వు కణాల డీఎన్‌ఏలో కొలిచి, పెద్దల్లో ఏటా సుమారు 10 శాతం కణాలే కొత్తవి వస్తాయని, మొత్తం సంఖ్య ఇంచుమించు స్థిరంగా ఉంటుందని 2008లో కనుగొన్నారు. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీతో బాగా తగ్గినవారిలోనూ సంఖ్య అంతే. చిన్నబోయిన కణాలు లెప్టిన్ తక్కువగా విడుస్తాయి. మెదడుకు అది కరువు కబురు. ఆకలి పెంచి, ఖర్చు తగ్గిస్తుంది.

కాబట్టి వారానికోసారి ఒకే సమయానికి తూకం చూసుకోండి. నిలబెట్టుకున్న బరువు మీద 2 కిలోలు పెరిగితే అదే వారం ఐదో మెట్టుకు తిరిగి వెళ్లండి. 10 పెరిగాక మొదలుపెట్టడం చాలా కష్టం. మందులదీ ఇదే కథ. ఆకలి తగ్గించే ఇంజెక్షన్ సెమాగ్లుటైడ్ 2.4 మిల్లీగ్రాములతో 68 వారాల్లో సగటున సుమారు 15 శాతం తగ్గారు, ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. ఎప్పుడు ఆపుతాం, ఆపాక ఏం చేస్తాం అన్నది మొదటి ఇంజెక్షన్‌కు ముందే మాట్లాడుకోండి. సర్జరీ చేయించుకున్నవారిని పరిశీలించిన అధ్యయనాల్లో స్థూలకాయంతో ముడిపడిన క్యాన్సర్లు తగ్గాయి. క్యాన్సర్ రాకుండా అని మధుమేహం లేనివారు మెట్‌ఫార్మిన్ మింగడానికి మాత్రం ఆధారం లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలో అది తిరగబెట్టడాన్ని తగ్గించలేదు.

ఎనిమిదో మెట్టు: క్యాన్సర్ మీద కాపలా

బరువు తగ్గడం మొదలైందని ఈ మెట్టు వదలకండి. ఏళ్ల తరబడి పెరిగిన ముప్పు ఆరు నెలల్లో పోదు. ఆ 13 ఇవి: అన్నవాహిక గ్రంథి క్యాన్సర్, జీర్ణాశయం పైభాగం, పెద్దపేగు–పురీషనాళం, కాలేయం, పిత్తాశయం, క్లోమం, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, గర్భాశయ లోపొర, అండాశయం, మూత్రపిండం, థైరాయిడ్, మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా, ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా. వీటిలో ఆరోగ్యవంతులందరికీ క్రమం తప్పక పరీక్షలున్నవి ముఖ్యంగా రెండే. పెద్దపేగుకు మీ దేశ మార్గదర్శకాలను బట్టి 45 లేదా 50 ఏళ్ల నుంచి మలపరీక్ష గానీ కొలనోస్కోపీ గానీ, రొమ్ముకు మామోగ్రామ్ అనే ఎక్స్‌రే. సిరోసిస్ ఉందని తేలినవారికి ఆరు నెలలకోసారి కాలేయం అల్ట్రాసౌండ్ తప్పనిసరి.

గర్భాశయ లోపొరకు అందరికీ చేసే పరీక్ష లేదు, లక్షణమే పరీక్ష. నెలసరి పూర్తిగా ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, గులాబీ మరకే అయినా, అదే వారం గైనకాలజిస్టుకు చూపించాలి. తొలి దశలో పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది. పీసీఓఎస్ (అండం సరిగా విడుదల కాని హార్మోన్ సమస్య) ఉండి మూడు నెలలు దాటినా నెలసరి రాని యువతులు కూడా ఊరుకోకూడదు. అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తయారుకాదు, లోపొర మందంగా పేరుకుంటూ పోతుంది. ప్రొజెస్టరాన్ మాత్రలతో నెలసరిని రప్పించవచ్చు.

క్లోమం విషయంలో దారి రెండు వైపులా నడుస్తుంది. మధుమేహం క్లోమ క్యాన్సర్ ముప్పును పెంచుతుంది, క్లోమ క్యాన్సర్ కూడా మధుమేహాన్ని తెస్తుంది. 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చినవారిలో నూటికి సుమారు ఒకరికి మూడేళ్లలోపు క్లోమ క్యాన్సర్ బయటపడుతుంది. షుగర్ వస్తూనే బరువు తగ్గిపోతుంటే, లేదా బాగా అదుపులో ఉన్న షుగర్ కారణం లేకుండా ఒక్కసారిగా చెడితే క్లోమానికి సీటీ స్కాన్ అవసరమా అని డాక్టరును అడగండి. ఆహార నియమంలో ఉన్నవారికి ఏ బరువు దేని వల్ల తగ్గిందో తెలియడం కష్టం. ఒక గుర్తు ఉంది: మీరు లెక్కగట్టిన దానికంటే చాలా వేగంగా తగ్గుతూ, ఆకలి చచ్చిపోతే, అది మీ నియమం ఫలితం కాకపోవచ్చు.

ఇప్పటికే క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారు ఐదో మెట్టును సొంతంగా మొదలుపెట్టకూడదు. కీమోథెరపీ కాలంలో కండ కరిగితే మందుల దుష్ప్రభావాలు పెరుగుతాయి. బయటికి లావుగా కనిపించే రోగిలోనూ కండ తక్కువగా ఉండవచ్చు. చికిత్స పూర్తయ్యాక ఎప్పుడు మొదలుపెట్టాలో ఆంకాలజిస్టు, డైటీషియన్ కలిసి చెప్పాలి. అప్పటిదాకా వాళ్లు సరేనన్న మేరకు నడక, తేలికపాటి బరువులు, సరిపడా ప్రొటీన్ చాలు.